మరియమ్మత్త గేదెకు నేను రాసిన బయోడేటా

ముందే చెబుతున్నాను, ఇది ఒక ఘోరం జరిగిన కథ. ఇందులో ఏడు గేదెలు, ఒక దున్నపోతు, ఒక పెళ్లిపరుపు, ఒక స్కూటీ అద్దం ఇరుక్కుంటాయి. నా పరువుని ఈ జాబితాలో చేర్చలేదు, అది మొదటి అరగంటలోనే పోయింది. చదివాక మీరు "అయ్యో షమీమ్, ఎంత పని చేశావే" అంటారు. అనండి. మా ఊళ్లో ఇప్పటికీ అంటున్నారు. నా ఇంగ్లీష్ తప్పని మాత్రం ఒక్కరు కూడా అనడానికి వీల్లేదు. నేను రాసిన ప్రతి మాటా కరెక్టు. గేదెలే నా ఇంగ్లీష్‌కి తగ్గట్టు లేవు.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ అయ్యాక గుంటూరు అరండల్‌పేటలో ఒక మేడ మీద నడిచే నలభై ఐదు రోజుల స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేరాను. ముప్పై ఎనిమిదో రోజున సారు మాకు ఒక రహస్యం చెప్పారు. "వస్తువుని వర్ణించాలంటే భయపడకండి. అది దేనిలా ఉందో దాని పేరు చెప్పండి, పక్కన షేప్డ్ అని తగిలించండి. హార్ట్ షేప్డ్, ఎగ్ షేప్డ్, స్టార్ షేప్డ్. రెండు మాటలు కలిసి ఒకే విశేషణం అయిపోతుంది. అంతే, ఇక ప్రపంచంలో మీరు వర్ణించలేని వస్తువు లేదు."

నాకు ఒళ్లు పులకరించింది. ఇంత సులువైన సంగతిని ముప్పై ఎనిమిది రోజులు దాచినందుకు సారు మీద కోపం కూడా వచ్చింది. ముప్పై తొమ్మిదో రోజు నుంచి క్లాసుకి వెళ్లడం మానేశాను. ప్రపంచమంతా చేతికి వచ్చాక ఇంకా ఏడు రోజులు కూర్చుని నేర్చుకోవడానికి ఏముంటుంది చెప్పండి?

మా ఊరు సత్తెనపల్లి వెళ్లే రోడ్డు మీద ఉంటుంది. బస్టాపు పక్కనే మా నాయన పరుపుల కొట్టు. మాది తాతల కాలం నుంచీ దూది ఏకే కుటుంబం. పరుపుల సైదులు అంటే చుట్టుపక్కల పది ఊళ్లలో తెలుసు. ఆ కొట్టుకి మధ్యలో ప్లైవుడ్ అడ్డం పెట్టి, ఒక సగంలో నేను జిరాక్సు, నెట్ సెంటర్ తెరిచాను. అటు దూది ఎగిరేది, ఇటు ప్రింటర్ తుమ్మేది.

ఇక చూసుకోండి నా షేప్డ్ జ్వరం. ఇడ్లీ డిస్క్ షేప్డ్. మిరపకాయ నీడిల్ షేప్డ్. మా పక్కింటి తాత మీసం హ్యాండిల్ షేప్డ్. నాయన కుట్టే దిండ్లనీ వదల్లేదు.

"నాయనా, నువ్వు కుట్టేది బ్రిక్ షేప్డ్ పిల్లో తెలుసా?"

"అంటే ఏందే?"

"ఇటుక ఆకారంలో ఉన్న దిండు."

"ఇటుకలా ఉందంటే ఎవడు కొంటాడే? మెత్తగా ఉందని రాయి చాలు."

నవ్వకండి. పెళ్లికూతురికి కోటేరేసిన ముక్కు, చారెడేసి కళ్లు అని మనవాళ్లు అంటే అది వర్ణన. అదే పని నేను ఇంగ్లీష్‌లో చేస్తే పిచ్చి. ఇదెక్కడి న్యాయం?

అసలు నా సెంటర్‌లో ఎక్కువగా నడిచేది పెళ్లి బయోడేటాల పనే. ఆ పనిలో నాదొక సూత్రం ఉండేది. ఉన్న అందాన్ని రెండింతలు చేయాలి. లేని అందాన్ని కొంచెం చేర్చాలి. లోపం మాత్రం చచ్చినా రాయకూడదు. పిల్లకి పన్ను ఎత్తయితే హార్ట్ షేప్డ్ ఫేస్ అని రాసేదాన్ని. పిల్లాడికి బట్టతలయితే ఎగ్ షేప్డ్ ఫేస్. నేను రాసిన బయోడేటాలతో నాలుగు పెళ్లిళ్లు కుదిరాయి. వాటిలో రెండింటికి పెళ్లిచూపుల దగ్గర అరుపులు వినపడిన మాట నిజమే. కుదిరాయా లేదా అన్నదే నాకు ముఖ్యం.

సరిగ్గా అలాంటి రోజుల్లో, మిరప కోతలు జోరుగా సాగుతున్నప్పుడు, ఒక సాయంత్రం మరియమ్మత్త నా సెంటర్‌కి వచ్చింది. ఆమె ఇల్లు ఊరికి ఆ చివర, చర్చి వెనక. కోతలకు కూలికి పోయి బతుకుతుంది. భర్త లేడు. ఉన్నదల్లా ఒక గేదె. దాని పేరు రాణి. దూడగా ఉన్నప్పటి నుంచీ ఆమే పెంచింది. నేను చదువుకోసం ఎక్కువ గుంటూరులోనే ఉన్నాను కాబట్టి ఆ గేదెని ఎప్పుడూ చూడలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

"అమ్మాయ్ షమీమూ, రాణి కనపడట్లేదమ్మా. నిన్న నేను కోతకు పోయొచ్చేసరికి పలుపు తెంపుకుని పోయింది" అంది. పొద్దుటి నుంచీ తిరిగినట్టుంది, కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము.

"వస్తుందిలే అత్తా. ఎక్కడికి పోతుంది?"

"నిండు చూడిదే! ఇయ్యాలో రేపో ఈనాలి. పొదుగు కూడా దింపింది. యాడన్నా ఒంటరిగా ఈని, దూడ అడ్డం తిరిగితే ఎవరున్నారు దానికి? పత్తి చేలల్లో పడి మందు కొట్టిన ఆకు తిన్నా కష్టమే. తల్లీ పిల్లా రెండూ పోతాయే." ఆ మాట అని కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఫోనుల్లో పెడితే అందరికీ తెలుస్తదంట కదా. కాస్త పెట్టి పుణ్యం కట్టుకో."

నాకు జాలి వేసింది. ఆ జాలి నిజమైనదే. కాకపోతే జాలి వెనకాలే ఉత్సాహం కూడా తోసుకుని వచ్చేసింది. నా ఇంగ్లీష్‌కి మొట్టమొదటిసారి ఒక ప్రాణం కాపాడే పని దొరికింది. వెంటనే కీబోర్డు ముందుకి లాక్కున్నాను.

"ఫోటో ఉందా అత్తా?"

"నాది నొక్కుడు ఫోను. దాంట్లో ఫోటో ఎట్టా వస్తది?"

"పర్లేదు. నెట్‌లో బోలెడన్ని గేదెలున్నాయి." నల్లగా నిగనిగలాడుతూ, కొమ్ములు చక్కగా వంపు తిరిగిన హర్యానా గేదె ఒకటి దొరికితే దాన్ని అతికించాను. గేదె గేదేగా!

"దాని కుడి కొమ్ము..." అని మరియమ్మత్త మొదలుపెట్టింది.

"కొమ్ముల సంగతి నాకు వదిలెయ్ అత్తా." సికిల్ షేప్డ్ హార్న్స్ అని కొట్టాను. కొడవలి ఆకారపు కొమ్ములు. అద్భుతం!

"ఎడమ చెవి ఉంది చూడు, అది..."

"చెవులూ నేనే చూసుకుంటా." లీఫ్ షేప్డ్ ఇయర్స్. ఆకు ఆకారపు చెవులు.

"కాదమ్మా, నా మాట ఇను. దానికి గుర్తులున్నాయి."

"గుర్తులంటే లోపాలేనా?"

"లోపమంటే లోపమే అనుకో..."

"అయితే అసలు చెప్పకు. లోపాలు రాస్తే ఎవరు పట్టుకొస్తారు? పెళ్లి బయోడేటాలో పన్ను ఎత్తు అని రాస్తామా?"

మరియమ్మత్త నోరు తెరిచి మళ్లీ మూసేసింది. చదువుకున్న పిల్ల చెబుతోంది, నిజమే కాబోలు అనుకుంది పాపం. "చూడిదని అన్నా రాయమ్మా" అంది. ఆ మాట నలుగురి ముందూ నేరుగా అనడం నాకు మోటుగా తోచి, బ్యారెల్ షేప్డ్ బెల్లీ అని రాశాను. పీపా ఆకారపు పొట్ట. తోకకి బ్రష్ షేప్డ్ టెయిల్. ముఖానికి ఎలాగూ అలవాటైన హార్ట్ షేప్డ్ ఫేస్. ఇంగ్లీష్ రానివాళ్లు బాధపడకుండా కింద తెలుగులో కూడా పెట్టాను.

చివర్లో ఏదో వెలితిగా ఉంది. పట్టుకొచ్చినవాళ్లకి ఏం ఇస్తామో చెప్పాలిగా? అడిగితే ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నా రాణి దొరకనీ, మొదటి జున్నంతా వాళ్లకే ఇస్తా" అంది. తెచ్చినవారికి జున్ను అని లావు అక్షరాలతో పెట్టి, మండలంలో నాకు తెలిసిన గ్రూపులన్నింటిలోకీ పంపించేశాను.

వెళ్లబోతూ ఆమె గడప దగ్గర ఆగింది. "గుర్తులన్నీ రాశావు కదమ్మా?"

"రాశా అత్తా. ఒక్కటి కూడా వదల్లేదు."

ఇక్కడ ఒక్కచోట మాత్రం నేను సిగ్గుపడాలి. పడుతున్నాను. అది అబద్ధం. ఆమెకు చదువు రాదని నాకు తెలిసే ఆడిన అబద్ధం. ఈ కథలో ఇంకెక్కడా సిగ్గుపడను, కావాలంటే చివరిదాకా చూడండి.

మర్నాడు పొద్దున ఏడింటికి కొట్టు తలుపు తీసేసరికి ఎదురుగా ఒక గేదె నిలబడి ఉంది. పక్కన తలపాగా చుట్టుకున్న ఒకాయన.

"జున్ను ఇచ్చేది ఈడేనా అమ్మాయ్?"

నా గుండె ఉప్పొంగింది. ఫోన్ తీసి ప్రకటన చూస్తూ పోల్చాను. కొమ్ములు కొడవలిలా ఉన్నాయి. చెవులు ఆకుల్లా ఉన్నాయి. పొట్ట పీపాలా ఉంది. అన్నీ సరిపోయాయి. దొరికేసింది! మరియమ్మత్తకి కబురు చేద్దామంటే, ఆమె తెల్లారకముందే బందెల దొడ్డిలో వెతకడానికి వెళ్లిపోయిందని చెప్పారు. పంటల్లో పడిన పశువుల్ని కట్టేసే ఆ దొడ్డి మా ఊరికి నాలుగు మైళ్లు. సరే, వచ్చేదాకా కట్టేసి ఉంచుదామని గుంజకి కట్టించాను.

ఎనిమిదింటికి రెండో గేదె వచ్చింది. కొడవలి కొమ్ములు, ఆకు చెవులు, పీపా పొట్ట.

తొమ్మిదిన్నరకి మూడు, నాలుగు, అయిదు. పదింటికి ఆరు, ఏడు. అన్నీ సరిపోయాయి. ఆ రోజు నాకు అర్థమైన సంగతేమిటంటే, మా పల్నాటిలో ఏ గేదెని చూసినా నా వర్ణనకి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. ఇది నా రాతలో లోపమంటారా, గొప్పదనమంటారా?

పదకొండింటికి ఒకడు దున్నపోతుని తోలుకొచ్చాడు.

"ఇది మగది కదండీ!" అన్నాను.

"ఆడదని నువ్వు రాశావా? కొమ్ములు చూడు, కొడవలే. నువ్వు రాసినవన్నీ ఉన్నాయి."

"దీనికి జున్ను ఎలా వస్తుంది?"

"అది నీ తలనొప్పి. తెచ్చినవారికి అన్నావు, తెచ్చా."

బస్టాపు కాస్తా సంత అయిపోయింది. ఒక గేదె నాయన ఏకి ఆరబెట్టిన దూదిని గడ్డి అనుకుని నమలడం మొదలుపెట్టింది. ఇంకొకటి సత్తెనపల్లి పెళ్లివాళ్ల కోసం కుట్టిన పట్టు పరుపు మీద హాయిగా పడుకుంది. దున్నపోతు నా స్కూటీకి వీపు రుద్దుకుంటే అద్దం విరిగి కిందపడింది. ఇంతలో రెండు గేదెల అసలు యజమానులు కర్రలు పట్టుకుని దిగారు. వాళ్ల గేదెలు తప్పిపోలేదట, దొడ్లో కట్టేసి ఉంటే ఎవరో జున్నుకు ఆశపడి విప్పుకొచ్చారట.

"ఎవత్తె అది మా గేదెకి బొమ్మలేసి ఫోనుల్లో పెట్టింది?"

"మీ గేదె కాదండీ, వేరే గేదె. ఇది వర్ణన."

"వర్ణనో గిర్ణనో, మా గేదె ముఖం హార్ట్ అని రాస్తావా? దిష్టి తగలదా?"

 నాయన మాత్రం పరుపు మీద గేదెకి ఎదురుగా చతికిలబడి కూర్చున్నాడు. కాసేపటికి మెల్లిగా అడిగాడు. "అమ్మా షమీమూ, ఇది ఏ షేపుడే?"

 అది పరుపు షేపులోకి వచ్చేసింది.

సరిగ్గా ఆ గొడవలో, మిట్టమధ్యాహ్నం, వినుకొండ రోడ్డు వైపు నుంచి ఒక పెద్దాయన నడుచుకుంటూ వచ్చాడు. పంచె మోకాళ్ల పైకి కట్టి, భుజాన తుండుగుడ్డ వేసుకున్నాడు. వెనక ఒక గేదె. ఒళ్లంతా బురద. ఒక చెవి రెండు పాయలుగా చీలి వేలాడుతోంది. కుడి కొమ్ము సగానికి విరిగి మోడుగా ఉంది. అడుగు తీసి అడుగు వేయడానికే కష్టపడుతోంది. చూస్తే ఈ గేదెకి ఏ పెళ్లిసంబంధమూ కుదరదు అనిపించింది.

"అమ్మాయ్, నా పేరు కోటేశ్వరరావు. ఈ గొడ్డు నిన్న మా మిరప చేలో పడింది. నిండు చూడిది. ఫోటోలో కొమ్ములు వేరే ఉన్నయ్ గానీ, జున్ను ఇస్తామన్నారంటే మీదీ చూడిదే అయ్యుండాలని తోలుకొచ్చా. ఎనిమిది కిలోమీటర్లు నడిపించా."

మనిషి తెలివైనవాడు. వచ్చిన వాళ్లందరిలో ఆలోచించి వచ్చింది ఆయన ఒక్కడే. అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు తెలిసిందల్లా, ఎనిమిది పశువులు నా చుట్టూ ఉన్నాయి, ఇది తొమ్మిదోది, పైగా నా ప్రకటనలో ఒక్క ముక్కకి కూడా సరిపోనిది. నా కోపమంతా ఆయన మీద పడింది.

"ఏమండీ, మీరు ప్రకటన చదివారా? సికిల్ షేప్డ్ అని రాశాను. కొడవలి ఆకారం. మీ గేదెకి కొడవలి ఎక్కడుంది? పిడి ఉంది."

"ఒక పక్క ఉందిగా తల్లీ."

"హార్న్స్ అన్నాను. హార్న్స్ అంటే రెండు. లీఫ్ షేప్డ్ అన్నాను. ఈ చెవి ఏ ఆకులా ఉందో చెప్పండి."

ఆయన చెవి వైపు చూశాడు. చూసి, "గాలివానకి చిరిగిన అరిటాకు" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆకారం చెప్పడంలో ఆయన నన్ను నా కొట్టు ముందే ఓడించాడు. నాకు చెవులు వేడెక్కాయి. "మాది కాదండీ. తీసుకెళ్లండి" అన్నాను.

నాయన పరుపు దగ్గర నుంచి లేచి వచ్చాడు. "ఒసేయ్, మరియమ్మ వచ్చిందాకా ఆగు. ఆమె గొడ్డు ఆమెకి తెలియదా?"

"వద్దు నాయనా. ఇప్పటికే ఎనిమిది ఉన్నాయి. కనీసం ఇది కాదని గట్టిగా చెప్పగలిగేది ఇదొక్కటే."

రాణిని ఎరిగిన చర్చి వెనక వాళ్లంతా ఆ వేళకి మిరప చేలల్లో ఉన్నారు. ఆపేవాళ్లు ఎవరూ లేకపోయారు. కోటేశ్వరరావు గేదె వీపు నిమిరి, "పదవే, మనకి ఇంగ్లీష్ చాల్లేదంట" అని వెనక్కి తిప్పుకున్నాడు. ఆ గేదె వెళుతూ వెళుతూ ఒకసారి అరిచింది. నేను ఆ అరుపుని కూడా పట్టించుకోలేదు.

పొద్దు వాలుతుండగా మరియమ్మత్త వచ్చింది. బందెల దొడ్డిలో లేదు. కాలవ గట్లన్నీ తిరిగింది. ఎక్కడా లేదు. బస్టాపు దగ్గర పశువుల్ని చూడగానే పరుగెత్తుకొచ్చింది. ఒక్కోదాని ముందూ నిలబడింది. యజమానులు తోలుకుపోగా మిగిలిన అయిదు గేదెల్నీ చూసింది, దున్నపోతుని కూడా చూసింది. చివరికి నా స్టూలు మీద కూలబడి, రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటోంది.

ఆమెను కాస్త నవ్విద్దామని, నిజంగా నవ్విద్దామనే, అన్నాను. "ఎంత వింతో తెలుసా అత్తా, ఒకాయన కొమ్ము విరిగిన గేదెని కూడా తెచ్చాడు."

ఆమె కళ్లు తెరిచింది.

"ఏ కొమ్ము?"

"కుడిది అనుకుంటా."

"చెవి?"

 నిన్న ఇక్కడే నా ఎదురుగా ఆమె రెండుసార్లు చెప్పబోయింది. రెండుసార్లూ నోరు మూయించింది నేనే.

"చెవి చెప్పమ్మాయ్."

"చీలి ఉంది."

ఆమె నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. "అది కుక్కలు పీకిన చెవమ్మా. చిన్నప్పుడు నా ఒళ్లో పెట్టుకుని పసుపు అద్దా. అదే రాయమని నీకు చెప్పబోయా" అంది. ఆ తర్వాత అడిగింది. "ఆ మనిషిది ఏ ఊరు? ఫోను నంబరు తీసుకున్నావా?"

తీసుకోలేదు. వినుకొండ రోడ్డు వైపు వెళ్లాడన్న ఒక్క ముక్క తప్ప ఏమీ తెలియదు. ఆ రోడ్డు మీద ఎన్ని ఊళ్లు లేవు!  ఫోన్ తీసి, ఈసారి ఒక్క అక్షరం కూడా నేను ఆలోచించకుండా, ఆమె ఏం చెబితే అది కొట్టాను.

మరియమ్మ గేదె తప్పిపోయింది. కుడి కొమ్ము సగానికి విరిగింది. ఎడమ చెవి చీలింది. నిండు చూడిది. రాణీ అని పిలిస్తే పలుకుతుంది.

అంతే. నిన్నటి ప్రకటనకి ఏడు గేదెలు రావడానికి ఒక పూట పట్టింది. దీనికి ఫోన్ మోగడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

"అమ్మాయ్, మధ్యాహ్నం సికిల్ లేదని నన్ను వెనక్కి పంపింది నువ్వేనా?"

"నేనే బాబాయ్ గారూ. తప్పయిపోయింది. గేదె ఎలా ఉంది?"

 ఆయన జవాబు చెప్పేలోపు నాకు తెలిసిన దేవుళ్లందరికీ, మరియమ్మత్త దేవుడికి కూడా, దండం పెట్టుకున్నాను.

"ఈనింది. రండి" అన్నాడు.

అద్దం లేని స్కూటీ మీద మరియమ్మత్తని ఎక్కించుకుని వెళ్లాను. దారంతా ఆమె నా భుజాన్ని గట్టిగా పట్టుకునే ఉంది.  దీపాలు పెట్టే వేళకి చేరాం. కోటేశ్వరరావు మిరపకాయలు ఆరబోసిన కళ్లంలో, ఎర్రటి రాశి పక్కన గడ్డి పరిచి రాణిని పడుకోబెట్టారు. తిరిగి తోలుకుపోతుంటే ఊరి మొదట్లోనే దానికి నొప్పులొచ్చాయట. దూడ అడ్డం తిరిగిందట. పశువుల డాక్టరు గారు దగ్గర్లో ఉండబట్టి వచ్చి లాగారట. నేను ఊరికే నడిపించిన ఆ ఎనిమిది కిలోమీటర్ల గురించి ఆయన ఒక్క ముక్క అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది.

"రాణీ" అని పిలిచింది మరియమ్మత్త, ఇంకా దూరంగా ఉండగానే.

గేదె తల ఎత్తి పలికింది. మధ్యాహ్నం నా కొట్టు ముందు అరిచిన అరుపే అది. ఎవరిని పిలుస్తోందో అప్పుడు అర్థమైంది నాకు. మరియమ్మత్త దాని మెడ చుట్టూ చేతులు వేసి, విరిగిన కొమ్ముకి ముఖం ఆనించి ఏడ్చింది. పక్కన తడితడిగా, వణుకుతూ ఒక పెయ్యదూడ. నేను కూడా ఏడ్చాను. ఆ క్షణంలో షేప్డ్ అనే మాట ఈ భూమ్మీద ఉందని కూడా నాకు గుర్తు లేదు.

కోటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "చెల్లెమ్మా, జున్ను తెచ్చినోడికేనని రాశారు. నేను తెచ్చా, తీసుకుపోయా కూడా. నాకు రెండు గిన్నెలు రావాలి."

"మొత్తం నీకేనన్నా" అంది మరియమ్మత్త. "మీ వీధి వీధంతటికీ పంచు."

మర్నాడు మిగతా ఎనిమిది మందీ టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఆమె ఇంటి ముందు కూర్చున్నారు. తెచ్చినవారికి అని రాసి ఉందట. దున్నపోతుని తెచ్చినవాడు అందరికంటే పెద్ద డబ్బా తెచ్చాడు. మరియమ్మత్త కోటేశ్వరరావుని అడిగి, తలా ఒక చెంచా వేసి పంపింది. నేను కూడా ఒక గిన్నె పట్టుకుని చివర్లో నిలబడ్డాను.

"నీకెందుకు?" అంది.

"అదేంటత్తా, రాసింది నేనే కదా."

"తెచ్చినవాళ్లకి జున్ను. నువ్వు పంపించేశావు. పంపించేసినవాళ్లకి ఏమిస్తారో నీ కాయితంలో రాయలేదు."

నా ప్రకటనని నా మీదికే తిప్పి కొట్టడం ఎవరు నేర్పారో ఆమెకి. దూడకి పేరు కూడా ఆమే పెట్టింది. షేపమ్మ. "ఏయ్ షేపమ్మా, ఇటు రావే" అని ఆమె వీధిలో కేకేసినప్పుడల్లా బస్టాపులో ఉన్నవాళ్లందరూ నా వైపు తిరుగుతారు. తిరగనీయండి.

ఆ తర్వాత గుంటూరు వెళ్లినప్పుడు నాతో చదివిన ఒకమ్మాయి కనపడితే ముప్పై తొమ్మిదో రోజు పాఠం ఏమిటని అడిగాను. ఒంటివాటినీ, విరిగినవాటినీ కూడా అలాగే రెండు మాటలు కలిపి చెప్పొచ్చట. వన్ హార్న్‌డ్. ఒంటికొమ్ముది. వెళ్లాల్సింది నేను ఆ ఒక్క రోజు.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. షేపమ్మ పెరిగి పెద్దదై, నాలుగేళ్లకి తొలిసారి ఈనింది. ఆ రోజు మరియమ్మత్త మొట్టమొదటిసారి నాకు జున్ను పంపింది. స్టీలు పళ్లెంలో ఒకే ఒక్క ముక్క. కుడివైపు మూల కావాలనే విరిచేసింది. తెచ్చినావిడ నవ్వు ఆపుకుంటూ కబురు కూడా చెప్పింది. "దీని ఆకారమేందో ఇంగ్లీష్‌లో రాసి పంపమంది."

నేను కాగితం తీసుకుని, కుడి మూల విరిగిన జున్ను ముక్క అని తెలుగులోనే రాసి పంపాను. పంపి, తిన్నాను. నాలుగేళ్లు ఎదురుచూసిన జున్ను అది, మిరియాలు కాస్త ఎక్కువైనా ఏమీ అనలేదు.

కాబట్టి బస్టాపు సాక్షిగా, నాయన పరుపు సాక్షిగా, విరిగిన నా స్కూటీ అద్దం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎవరి గేదె గురించి రాసినా, యజమాని నోరు తెరిచినప్పటి నుంచి మూసేదాకా వింటాను. గుర్తుని లోపం అనను. విరిగినదాన్ని విరిగిందనే రాస్తాను. ఏ ప్రాణికీ నెట్‌లో దొరికిన కొమ్ములు తగిలించను.

నా ఇంగ్లీష్ తప్పని మాత్రం ఒప్పుకోను. అనుమానం ఉంటే మా ఊరు వచ్చి షేపమ్మని చూడండి. దాని కొమ్ములు రెండూ అచ్చం కొడవళ్లు. చెవులు ఆకులు. పొట్ట పీపా. ఆ రోజు నేను రాసింది ముమ్మాటికీ నిజం, గేదె పుట్టడానికి ఒక రోజు ముందు రాశాను, అంతే.